ఇక చాలు అనేదెప్పుడు?

ఇంట్లో ఫోను ముందు కూర్చుని పాట రికార్డు చేసుకునేవాళ్లు ఇప్పుడు వీధికొకరున్నారు. పాడటం గంట, దిద్దడం నెల! శ్రుతి సవరించే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటే ఊరుకోబుద్ధి కాదు మరి.

కానీ దిద్దిన కొద్దీ పాట బాగుపడుతుందని లేదు. 1982 జనవరిలో అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని ఇంట్లో కూర్చుని, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద కొన్ని పాటలు పాడి పెట్టుకున్నారు. గిటారు, మౌతార్గాన్, దాదాపు అంతే. బ్యాండుకు వినిపించడానికి చేసుకున్న నమూనా అది. డబ్బా కూడా లేని ఆ క్యాసెట్‌ను జేబులో వేసుకుని తిరిగారు. తర్వాత పేరున్న తన వాద్యబృందంతో స్టూడియోలో అవే పాటలు మళ్లీ రికార్డు చేశారు. శబ్దం శుభ్రపడింది కానీ పాటలోని ఒంటరితనం పోయింది. చివరికి ఆ క్యాసెట్ పాటలనే ‘నెబ్రాస్కా’ అనే ఆల్బంగా అదే ఏడాది సెప్టెంబరులో విడుదల చేశారు.

అలాగని ఫ్యాను హోరులో పాడి పంపేయమని కాదు. ఫ్యాను ఆపండి, కిటికీ మూయండి, మైకుకు జానెడు దూరంలో పాడండి. మర్నాడు పొద్దున ఒక్కసారి వినండి. మాట తెలుస్తూ, తాళం తప్పకుండా, భావం పలికితే మీ పని అయినట్టే. ఇక ఆ పాటను ఆ రోజే ఎవరికైనా వినిపించండి.