జీర్ణగృహము, నూతనస్వామి

శిథిలమగుచున్న యొక పాతయింటిని వెలయిచ్చి కొని, చెదలు తినిన దూలములను మార్పించి, ఉబ్బిన గోడలను విప్పి మరల సున్నముతో కట్టించి, విరిగిన మెట్లను సరిచేయించి, తుదకు గుమ్మమునకు మామిడితోరణము కట్టి లోపల అడుగిడు గృహస్థునకు, తోచినను తోచకపోయినను, ఒక తాత్త్విక ప్రశ్న ఎదురుగా నిలిచియే యుండును: తాను కొన్నది యే యింటిని? ఇప్పుడు ప్రవేశించుచున్నది యే యింటిలో? రిజిస్ట్రారు కచేరీలోని దస్తావేజు నాలుగు దిక్కుల హద్దులు చెప్పి యూరకుండును. కాని ఆ హద్దులు భూమికి చెందినవే గాని యింటికి చెందినవి కావు. ఒక దూలము మారినను, పది దూలములు మారినను, ఇది పూర్వపుటిల్లే యని మనమందుము. ఎన్ని మారువఱకు అది అదే? ఎన్నవ దూలముతో అది వేఱగును? ఈ ప్రశ్న పండితగోష్ఠులకు మాత్రమే చెందినదని తలంపరాదు. దేనిని కాపాడవలెను, దేనిని వదలవలెను అను నిత్యవ్యవహారమంతయు దీని సమాధానము మీదనే ఆధారపడి యున్నది.

ఇట్టి విచారమును ఊహాలోకమున గాక ఒక నిజమైన ఊరిలో నిలిపి చేయుట మేలు. సుల్తాను అహమ్మద్ షా 1411 లో సాబర్మతీనదికి తూర్పుగట్టున స్థాపించిన అహమ్మదాబాదునందలి పాతనగరము దీనికి మిక్కిలి తగిన చోటు. అచట 'పోళ' లని పిలువబడు పేటలు అనేకములు కలవు. రాత్రివేళ మూసికొనుటకు వీథిమొగమున ఒక ద్వారము, లోపల ఇద్దరు ఎదురుపడిన ఒదిగి నడువవలసిన సందులు, పక్షులకు గింజలు చల్లుటకు స్తంభముపై చెక్కడపుపనితో నిలిపిన 'చబూతరా', ఒకటి రెండు దేవాలయములు గలిగి, ప్రతి పోళయు తనంత తానొక చిన్న గ్రామమై యుండెడిది. ఇంటి ముందర 'ఓట్లో' యను అరుగు. లోపల ఆకాశమునకు తెఱచిన 'చౌకు'. దాని క్రింద, మిద్దెమీద కురిసిన వాననీటిని ఏడాదికి సరిపడ నిలువచేయు 'టాంకా' యను భూగర్భపు తొట్టి. టేకుకఱ్ఱ చట్రము, దాని నడుమ ఇటుకగోడ, ఆ గోడలలోపల అడ్డముగా పొదిగిన కఱ్ఱపట్టీలు. ఈ పట్టీలు వట్టి యలంకారములు కావు. 2001 జనవరి 26 నాటి భూకంపమున అదే నగరమందలి పలు క్రొత్త బహుళాంతస్తుల భవనములు కూలిపోగా, ఈ కఱ్ఱచట్రపుటిండ్లు పెక్కులు ఊగి నిలిచినవి.

2017 లో యునెస్కో సంస్థ ఈ పాతనగరమును ప్రపంచవారసత్వ నగరముగా గుర్తించెను. భారతదేశమున ఈ గౌరవము పొందిన నగరములలో ఇదియే మొదటిది. కాని గౌరవము వచ్చినంతమాత్రమున కప్పు నిలువదు. ఒక తాతకు పుట్టిన వారసులు ఇరువదిమందియైరి. వారిలో పెక్కురు నదికి పడమటనున్న క్రొత్తపేటలకు తరలిపోయిరి. కొన్ని ఇండ్లకు తాళములు పడినవి, కొన్నింటి క్రింది అంతస్తులు సరుకుల గోదాములైనవి, కొన్నింట పూర్వపుటద్దెలకే తరములుగా కాపురమున్న బాడుగవారు మిగిలిరి. వచ్చెడి అద్దె మరమ్మతునకు చాలదు. మరమ్మతు లేనిచో అద్దె పెంచుటకు వీలుకాదు. ఇట్టి యిండ్లను కొన్నవారిలో కొందరు వానిని బసగృహములుగా మార్చిరి, కొందరు తామే కాపురముండిరి, మఱికొందరు ఇంటిని విప్పి చెక్కడపు స్తంభములను, గవాక్షములను పురాతనవస్తువుల వర్తకులకు అమ్మివేసిరి. ఈ మూడును వట్టి లాభనష్టముల నిర్ణయములు కావు. ఇల్లనగా నేమి యను ప్రశ్నకు ఎవరికి వారు, తమకు తెలియకయే, ఇచ్చుకొనిన సమాధానములు.

మన దర్శనకారులు ఈ ప్రశ్నను చిరకాలము క్రిందటనే విచారించిరి. నైయాయికుల మతమున, స్తంభములు, దూలములు, ఇటుకలు అను అవయవములందు సమవాయసంబంధముచే నుండు ఇల్లను అవయవి, ఆ అవయవముల కంటె భిన్నమైన పదార్థము. ఒక్క అవయవము తొలగినను పూర్వపు అవయవి నశించి, మిగిలినవానితో మఱియొక అవయవి పుట్టును; 'అదే యిల్లు' అను మన ప్రత్యభిజ్ఞ సాదృశ్యమువలన గలిగినదే. దీనినిబట్టి చూడగా, మరమ్మతు మొదలుపెట్టిన యజమాని మొదటి దూలము తీయించిననాడే తాను కొన్న యింటిని పోగొట్టుకొనినవాడగును! బౌద్ధుడు మఱింత ముందునకు పోవును. మిళిందరాజు ఎక్కివచ్చిన రథమును గూర్చి బౌద్ధభిక్షువగు నాగసేనుడు ప్రశ్నలడిగి, ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు, వీనికంటె వేఱుగను రథము లేదు, రథమన్నది వ్యవహారమునకు పెట్టుకొనిన పేరు మాత్రమే యని తేల్చిన కథ మనవారెఱిగినదే. అవయవి యనునదే లేనిచోట దానిని పోగొట్టుకొనుటయు లేదు. కావున కాపాడవలసినదియు లేదని, విప్పియమ్ము వర్తకుడు ఈ సిద్ధాంతమును తనకనుకూలముగా త్రిప్పుకొనవచ్చును. కాని బౌద్ధుడు దానికి సమ్మతింపడు. క్షణక్షణము మారు ప్రవాహము, అనగా సంతానము, వెనుకటి క్షణపు కర్మభారమును ముందటి క్షణమునకు అప్పగించుచునే సాగును. వస్తువు నిలువకపోయినను బాధ్యత నిలుచునని యతని మతము.

పాశ్చాత్యదేశములందును ఈ వివాదము తీవ్రముగనే సాగినది. 1849 లో ఆంగ్లకళావిమర్శకుడగు రస్కిను, పూర్వభవనముల పునరుద్ధరణమని లోకమనునది నిజమునకు వాని సంపూర్ణవినాశమే యని ఖండితముగా వాదించెను. గతించిన శిల్పి చేతిని మరల రప్పింపజాలము గనుక, భవనమును జాగ్రత్తగా కాపాడుచు, కాలము తీరినప్పుడు గౌరవముతో పోనిమ్మని ఆతని యభిప్రాయము. స్మారకశిథిలముల విషయమున ఇది యుదాత్తమైన మాట. కాని కురియుచున్న కప్పు క్రింద బిడ్డలను పరుండబెట్టుకొనిన తల్లికి ఈ యుదాత్తత యెందులకును కొఱగాదు. దీనికి ఎదురుకొన, రూపమే సర్వస్వమనువారున్నారు. 1881 లో అహమ్మదాబాదునకు వచ్చిన లాక్‌వుడ్ డి ఫారెస్టు అను అమెరికా అలంకారశిల్పి, అచటి వణిజుడగు మగన్‌భాయి హఠీసింగుతో కలిసి అచట కొయ్యచెక్కడపు కార్ఖానా నొకదానిని నెలకొల్పి, ఆ పనితనమును సముద్రములు దాటించెను. 1887 లో న్యూయార్కునందు కట్టుకొనిన తన యింటి ముంగిట అహమ్మదాబాదు చెక్కడపు టేకు గవాక్షమును నిలిపెను. ఆ గవాక్షము అందమైనదే. శిల్పుల చేతిపని నిజమైనదే. కాని దాని క్రింద పొరుగువారు కూర్చుండు ఓట్లో లేదు, దాని వెనుక చౌకు లేదు, దాని కెదురుగా పోళ లేదు. రూపము ప్రయాణము చేసినది. ఇల్లు వెనుకనే యుండిపోయినది.

ఈ యుభయకోటులకు నడుమ ఒక మార్గమును చూపిన దర్శనము ఆ నగరమునకే ఆత్మీయమైనది. అహమ్మదాబాదునందలి పోళలలో పెక్కు జైన వణిజులవి; వారి యిండ్లలో సన్నని చెక్కడపుపనితో కొయ్యగూళ్లుగా అమర్చుకొనిన గృహదేరాసరములను ఇంటిగుళ్లు నేటికిని కొన్ని కలవు. ఉత్పాదము, వ్యయము, ధ్రౌవ్యము, అనగా పుట్టుట, పోవుట, నిలుచుట, ఈ మూడును కూడియుండుటయే సత్తు అని జైనాచార్యుడగు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పెను. సమంతభద్రుడు ఆప్తమీమాంసయందు దానికొక చక్కని దృష్టాంతమిచ్చెను: బంగారు కలశమును కరిగించి కిరీటము చేసినచో, కలశమును కోరినవాడు దుఃఖించును, కిరీటమును కోరినవాడు సంతోషించును, బంగారమునే కోరినవాడు ఈ రెంటికిని చలింపడు. మువ్వురి భావములును నిర్హేతుకములు కావు. మువ్వురును ఒకే వస్తువునందలి మూడు సత్యములను చూచుచున్నారు. పాతయింటిని అమ్ముకొని పోవు వారసుడు, కొని మార్చు క్రొత్త యజమాని, ఊరికొఱకు దానిని చూచు పౌరుడు, ఈ మువ్వురి మనఃస్థితులును దీనికంటె వేఱు కావు.

అట్లయిన, ఇంటియందలి బంగారమేది? అది టేకు కాదు, చెదలు తినును. చెక్కడము కాదు, అది విదేశములకును పోగలదు. రూపమును వస్తువును దాటి ఇంటియందు నిలిచియుండునది ఒక జీవనవిధానము. కురిసిన వానను నేటిదిగా గాక రేపటిదిగా దాచుకొను వివేకము టాంకాయందున్నది; వెలుతురును గాలిని ఏ యొక్క గదికిని సొంతము కానీయని సమత్వము చౌకునందున్నది; వీథిని పరాయిదిగా చూడని మర్యాద అరుగునందున్నది. ఎండిన టాంకాపై గాజుబిళ్ల పఱచి దీపములు వెలిగించి అతిథులకు చూపువాడు చెక్కడమునంతను కాపాడినను ధ్రౌవ్యమును పోగొట్టుకొనినవాడే. సగము స్తంభములను మార్చినను టాంకాలో మరల వాననీరు నింపినవాడు ఇంటిని నిలిపినవాడే.

అయితే పాతదెల్ల బంగారమని భ్రమపడరాదు. వ్యయమునకు యోగ్యమైనది వ్యయము కావలసినదే. స్త్రీలు తమ జీవితములను పొగలో గడిపిన చీకటి వంటగదులు ఆ యిండ్లలోనివే. పోళ యొక్క ఆత్మీయతకు మఱియొక ముఖము పరులపట్ల మూసిన తలుపు. పూర్వము ఇల్లమ్మదలచినవాడు ముందుగా పోళవారికి చూపవలెనను కట్టుబాటుండెడిది. కులమును బట్టి, మతమును బట్టి పొరుగును నిర్ణయించుకొను అలవాటు దానితో పెనవేసికొని యుండెడిది. పిమ్మట మతకలహముల భయము దానికి తోడైనది. కల్లోలప్రాంతములుగా ప్రకటింపబడిన చోట్ల స్థిరాస్తిని బదిలీచేయుటకు కలెక్టరు అనుమతి కావలెనని 1991 నాటి గుజరాతు చట్టము విధించుచున్నది. భయముతో తక్కువ వెలకు అమ్ముకొనువారిని రక్షించుటకు పుట్టిన చట్టమే అయినను, ఎవరి ప్రక్కన ఎవరుండవలెను అను ప్రశ్న ఆ నగరమున నేటికిని కాగితములపై సాగుచునే యున్నది. స్తంభముల చెక్కడమును కాపాడి, ఈ భయమునుకూడ వారసత్వముగా కాపాడుట ధర్మము కాదు.

శాస్త్రమును ఈ వివేకమునే బోధించుచున్నది. గర్భాలయమున మరమ్మతు చేయవలసినప్పుడు ఆగమవిధి ననుసరించి దేవతాసాన్నిధ్యమును కుంభమునకు ఆవాహనచేసి, తాత్కాలికమైన బాలాలయమున నిలిపి, పని ముగిసిన పిమ్మట మహాసంప్రోక్షణముతో మరల స్వస్థానమునకు చేర్చుదురు. 2018 ఆగస్టులో తిరుమలయందు జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము మనవారికి గుర్తుండియే యుండును. రాళ్లను కదపుటకు ముందు అందలి ప్రాణమునకు చోటు చూపవలెనని దీని తాత్పర్యము. గృహములకును ముహూర్తశాస్త్రము మూడు విధములైన ప్రవేశములను చెప్పినది: క్రొత్తగా కట్టిన యింటిలో ప్రవేశము అపూర్వము, దూరయాత్రనుండి తిరిగివచ్చి చేయునది సపూర్వము, అగ్నిచేతనో వరదచేతనో చెడిన యింటిని బాగుచేసికొని చేయునది ద్వంద్వము. మరమ్మతైన యిల్లు పూర్తిగా క్రొత్తదియు కాదు, పూర్తిగా పాతదియు కాదని గ్రహించియే పూర్వులు దానికొక ప్రత్యేకస్థాన మేర్పరచిరి.

గుడిలో మరమ్మతునకు ముందు దేవుని కొఱకు బాలాలయము కట్టు మనము, ఇంటి మరమ్మతునకు ముందు అందున్న మనుష్యులకు ఏమి కట్టుచున్నాము? నలువదియేండ్లుగా ఒకగదిలో కాపురమున్న బాడుగవాడు, క్రింది కొట్టులో కుట్టుమిషను త్రొక్కుకొను దర్జీ, వీరు ఆ యింటి ప్రాణములో భాగము కారా? వీరికి చోటు చూపకయే 'ఖాళీస్వాధీనము' కోరుట, బాలాలయము కట్టకుండ గర్భాలయమును త్రవ్వుటయే యగును. ఈ సందర్భమున గాంధీజీ ధర్మకర్తృత్వ సిద్ధాంతము స్మరింపదగినది. ఆయన 1915 నుండి అహమ్మదాబాదు పొలిమేరనే ఆశ్రమమేర్పరచుకొని, 1918 లో అచటి మిల్లు కార్మికుల పక్షమున నిలిచి, యజమానులతో వైరము లేని పోరాటము సాగించెను. ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రమును హిందూధర్మసారముగా భావించిన ఆయన, ధనికుడు తన యాస్తికి స్వామి గాక ధర్మకర్త యని బోధించెను. మిల్లుల విషయమున ఈ బోధ ఆచరణసాధ్యమా యని వాదింపవచ్చును. మూడునాలుగు తరములు కట్టి, ఇంక మూడునాలుగు తరములు కాపురముండదగిన యింటి విషయమున మాత్రము ఇది ఆదర్శము కాదు, యథార్థస్థితి. నూరేండ్ల యింటికి ముప్పదియేండ్ల యజమాని స్వామి యెట్లగును?

ఈ విచారము గుజరాతునకే పరిమితము కాదు. మన గోదావరిసీమలోని మండువాలోగిళ్లును నేడు ఇట్లే విప్పబడుచున్నవి. వాని స్తంభములు, ద్వారబంధములు లారీలకెక్కి నగరముల హోటళ్లకును, విహారగృహములకును అలంకారములగుచున్నవి. కావున పాతయిల్లు కొనగోరు పాఠకుడు బయానా యిచ్చుటకు ముందు తన్ను తాను మూడు ప్రశ్న లడుగుకొనవలెను: ఈ యింటియందు నేను పోనీయదలచినదేమి, క్రొత్తగా చేర్చదలచినదేమి, నా తరువాతివానికి చెక్కుచెదరక అప్పగింపదలచినదేమి? ఈ మూడింటికిని సమాధానము గలవాడు, సగము దూలములు మార్చినను, ఆ యింటినే కొన్నవాడు. సమాధానము లేనివాడు క్రొత్త ఫ్లాటు నొకదానిని కొనుక్కొనుట ఆతనికిని, ఆ యింటికిని మేలు.