రాజ్యకాంక్షయు రాజ్యభయమును

అధికారము మనుష్యుని చెఱచునా, లేక మనుష్యునియందు ముందే దాగియున్న దోషమును వెలికి తెచ్చునా? ఈ ప్రశ్న పురాతనమైనది. 1887వ సంవత్సరమున ఆక్టన్ ప్రభువు చరిత్రకారుడగు క్రైటనునకు వ్రాసిన లేఖలో అధికారమునకును మనుష్యుని పతనమునకును గల సంబంధమును గూర్చి చెప్పిన మాట నేటికిని సభలయందును పత్రికలయందును వినబడుచునే యున్నది. అయినను ఆ మాట రోగము పేరు చెప్పునేగాని రోగము ముదురు విధము చెప్పదు. ఆ విధమును నాడి పట్టి చూపిన గ్రంథము షేక్స్పియరు మహాకవి 1606 ప్రాంతమున రచించిన మాక్బెత్ నాటకము. ఆయన విషాద నాటకములలో ఇదియే మిక్కిలి చిన్నది. ఒక సజ్జనుడు హంతకుడగుటకు ఎంతో కాలము పట్టదని ఆ నిడివియే చెప్పుచున్నట్లుండును.

కథ పలువురకు తెలిసినదే. స్కాట్లండు రాజగు డంకన్ వృద్ధుడు, సాధుస్వభావుడు. ఆయన సేనానులగు మాక్బెత్, బాంకో అనువారు తిరుగుబాటును అణచి, నార్వే సైన్యమును ఓడించి వచ్చుచుండగా బంజరు బయలునందు ముగ్గురు మంత్రగత్తెలు ఎదురైరి. మాక్బెత్తును చూచి, నీవు కాడరు ప్రభువవనియు, ముందు రాజువగుదువనియు పలికిరి. బాంకోను చూచి, నీవు రాజువు కావుగాని నీ సంతతివారు రాజులగుదురనిరి. కొంత సేపటికే రాజదూతలు వచ్చి, ద్రోహియైన కాడరు ప్రభువునకు మరణదండన విధింపబడినదనియు, ఆ బిరుదు మాక్బెత్తునకు ఈయబడినదనియు తెలిపిరి. జోస్యములో ఒక భాగము ఫలించినది. తక్కిన భాగము ఫలించువరకు వేచియుండు ఓర్పు అతనికి లేకపోయెను.

ఇచ్చట పాఠకులు గమనింపవలసినది ఒకటి కలదు. మంత్రగత్తెలు డంకన్‌ను చంపుమని చెప్పలేదు. రాజగుదువనిరి, అంతియే. హత్య అను తలంపు మాక్బెత్తు మనస్సునుండియే లేచినది. లేచినంతనే అతని రోమములు నిక్కబొడిచినవి, గుండె పక్కటెముకలకు కొట్టుకొన్నది. అదే జోస్యము బాంకోయును వినెను. చీకటిశక్తులు చిన్న విషయములలో నిజము చెప్పి పెద్ద విషయములో ముంచునని అతడు స్నేహితుని హెచ్చరించెను కూడ. వాన అన్ని పొలములపైనను ఒకే తీరున కురియును, మొలచునది మాత్రము ఆ నేలయందున్న విత్తనమే. కనుక మాక్బెత్తు పతనమును మంత్రగత్తెల తలపై వేయుట, గ్రహచారమును నిందించుట వంటిది.

మరియొకటి. మాక్బెత్తు అవివేకి కాడు. డంకన్ అతని కోటకు అతిథిగా వచ్చిన రాత్రి, లోపల విందు జరుగుచుండగా అతడు ఒంటరిగా వెలికి వచ్చి తనలో తాను వాదించుకొనును. తాను రాజునకు బంధువు, సేవకుడు. అన్నిటికి మించి ఆతిథ్యమిచ్చిన గృహస్థు. హంతకుడు వచ్చినచో తలుపు మూసి అడ్డుపడవలసినవాడు తానే కత్తి పట్టుట యెట్లు? పోనీ, రాజు దుష్టుడా అనగా అదియును లేదు. ఇట్టి పనికి ప్రతిఫలము పరలోకమువరకు ఆగదనియు, ఇహమునందే అనుభవింపవలసివచ్చుననియు అతడెరుగును. తనను తోయుచున్నది అత్యాశ తప్ప వేరొకటి కాదని కూడ ఒప్పుకొనును. ధర్మశాస్త్రము చదివిన పండితుడు ఇంతకంటె చక్కగా చెప్పజాలడు. కడకు ఈ పని వలదని భార్యతో అనును. అరగడియ గడువకముందే ఆ పనికి సమ్మతించును! పాపమునకు అజ్ఞానమే మూలమని సాధారణముగా చెప్పుదురు. ఈ కథలో అజ్ఞానము లేదు. తెలిసిన ధర్మము నాలుకవరకు వచ్చినది గాని చేతివరకు దిగలేదు. నాటకములోని మొదటి భయంకర సత్యము ఇదియే.

సమ్మతింపజేసినది భార్య కాబట్టి ఆమెయే మూలమని పలువురు వ్యాఖ్యానింతురు. ఇల్లాలి మాట విని చెడినాడనుట లోకమున సులభమైన తీర్పు. కాని ఆమె క్రొత్త కోరిక నేదియు అతనికి నేర్పలేదు. అతనికి అధికారాశ కలదనియు, దానికి తోడుకావలసిన కాఠిన్యము మాత్రము లేదనియు ఆమె ముందే ఎరుగును. పౌరుషము లేదా అని ఒక్క మాట పొడిచెను. యుద్ధరంగమున శత్రువును నిలువున చీల్చిన వీరుడు ఆ మాటకు నిలువలేకపోయెను. ఇంతటి కఠినురాలును తన చేతితో పొడువలేకపోయెను. నిద్రించుచున్న వృద్ధుని ముఖమున ఆమెకు తన తండ్రి పోలిక కనబడినదట. ఆమెయందును తడి పూర్తిగా ఆరలేదనుటకు ఈ ఒక్క మాట చాలును. తరువాత ఆమెను చంపినదియును ఆ మిగిలిన తడియే.

హత్య జరిగినది. రాజకుమారులిద్దరును ప్రాణభయముచే ఒకడు ఇంగ్లండునకు, ఒకడు ఐర్లండునకు పారిపోయిరి. మాక్బెత్తునకు కిరీటము లభించెను. ఆ పట్టాభిషేకమును కవి రంగస్థలముపై చూపలేదు. ఇరువురు ప్రభువుల సంభాషణలో ఒక వార్తగా దానిని దాటించెను. దేనికొరకు ఒక మనుష్యుడు రాజును చంపి తన ఆత్మను అమ్ముకొనెనో, ఆ ఘట్టము ప్రేక్షకునికి కనబడనే కనబడదు! రాజైన పిమ్మట అతడు మొదటిసారిగా ఒంటరిగా నోరు తెరచినపుడు పలుకునది సంతోషము కాదు, బాంకోను గూర్చిన భయము. రాజగుటలో ఏమియు లేదట, భద్రముగా రాజగుటయే కావలయునట. నాటకమంతటిలో అతడు రాజ్యము ననుభవించిన దినము ఒక్కటియు లేదు.

మాక్బెత్తును అత్యాశకు ఉదాహరణముగా పాఠశాలలలో చెప్పుట వాడుక. అది సగము నిజము. అత్యాశ చేయించినది ఒక్క హత్యయే. తక్కిన హత్యలన్నింటిని చేయించినది భయము. బాంకోను చంపినందువలన అతనికి క్రొత్తగా లభించునది లేదు, ఉన్నది పోకుండుటకే చంపించెను. అప్పటికి తన చేయి కూడ వాడలేదు. కిరాయి హంతకులను పంపెను. మొదటి హత్యను భార్యతో కలిసి ఆలోచించినవాడు రెండవదానిని ఆమెకు చెప్పనే లేదు. పాపము దంపతులను కలుపునని భ్రమపడిన ఆ ఇంట, పాపమే వారిరువురి నడుమ గోడ కట్టినది. బాంకో చచ్చెను గాని అతని కుమారుడు ఫ్లియాన్సు తప్పించుకొనెను. భయము తీరలేదు. ఆ రాత్రి విందులో బాంకో ప్రేతము అతని ఆసనముననే కూర్చుండినది. తన ప్రభువులలో ఎవని ఇంటనైనను జీతమిచ్చిన వేగువాడు లేని యిల్లు లేదని రాజే స్వయముగా భార్యతో చెప్పును. ఇక మాక్డఫ్ అను ప్రభువు ఇంగ్లండునకు వెడలినాడని విన్నంతనే, చేతికి చిక్కని అతనికి బదులు అతని భార్యను, పసిబిడ్డలను చంపించెను. దానివలన లాభము లేశమును లేదు. డంకన్‌ను చంపుటకు ముందు ఎంతో తర్కించినవాడు ఈ పసివారి విషయమున తర్కమే చేయలేదు. ఇకమీదట తలంపు పుట్టిన క్షణముననే చేయి ఆడవలెనని నిశ్చయించుకొన్నాడు. ఈ మూడు హత్యలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూచినచో, అధికారము మనుష్యుని చెఱచుటయన నేమో తెలియును. మొదటిదానియందు మనస్సు అడ్డుపడినది, రెండవదానియందు గొణిగినది, మూడవదానియందు నిద్రపోయినది.

ఇచ్చట దోషము మాక్బెత్తునందే కలదా? సజ్జనుడని చెప్పబడు బాంకో సంగతి చూడుడు. డంకన్ మరణమున మోసము జరిగినదని అతడు అనుమానించెను. ఆ అనుమానమును తనలోనే ఉంచుకొని, క్రొత్త రాజు విందునకు పిలువగా వచ్చెదననెను. ఏలన, జోస్యము మాక్బెత్తునకు ఫలించినచో తన సంతతికిని ఫలింపవచ్చునని లోలోపల ఒక ఆశ. అతడు కత్తి పట్టలేదు, నిజమే. కాని నోరు విప్పలేదు. ఆ మౌనమునకు ప్రాణములే మూల్యముగా చెల్లించెను.

ఇంగ్లండునందు మాల్కముకును మాక్డఫునకును జరిగిన సంభాషణ ఇంకను విచిత్రమైనది. ప్రదర్శనలలో దీనిని తరచు కుదింతురు. వచ్చినవాడు మాక్బెత్తు పంపిన వేగువాడేమో యని రాజకుమారుడు శంకించి, తాను రాజైనచో మాక్బెత్తుకంటె దుష్టుడనగుదునని కల్పించి చెప్పును. హద్దులేని కామము కలదనును. మాక్డఫ్ దానికి సర్దుబాటు చెప్పును. తీరని ధనాశ కలదనును. రాజ్యమున సంపద కావలసినంత కలదని దానికిని సర్దుబాటే. రాజునకు ఉండవలసిన సుగుణములలో ఒక్కటియు లేదనినప్పుడు మాత్రము, నీవు పాలించుటకే కాదు, బ్రతుకుటకును తగవని మాక్డఫ్ ఆక్రోశించును. మంచివాడు, దేశభక్తుడు, అతడును రెండు మెట్లు దిగిన తరువాతగాని నిలువలేదు. నిరంకుశుని తొలగించు తొందరలో ప్రజలు మరియొకని దోషములను ఎంతవరకు మన్నింపవచ్చును? ఈ ప్రశ్నకు కవి జవాబు చెప్పలేదు.

చరిత్రయందలి మాక్బెత్తు వేరు. అతడు 1040 నుండి 1057 వరకు పదునేడు సంవత్సరములు రాజ్యమేలెను. డంకన్ చచ్చినది పడకపై కాదు, పోరున. ఆనాటి డంకన్ వృద్ధుడును కాడు. 1050లో మాక్బెత్తు రోము నగరమునకు యాత్ర వెడలి బీదలకు ధనము పంచెనని చెప్పుదురు. షేక్స్పియరునకు ఆధారము హాలిన్షెడ్ సంకలనముచేసిన చరిత్ర. దానియందు మాక్బెత్తు పది సంవత్సరములు మంచి శాసనములతో న్యాయముగా పాలించెననియు, పిదప తాను చేసినది తనకును జరుగునేమో యను భయము అతనిని క్రూరుని చేసెననియు కలదు. బాంకోయును ఆ గ్రంథమున హత్యలో భాగస్వామియే. 1603లో ఇంగ్లండు సింహాసనమెక్కిన జేమ్స్ రాజు బాంకో వంశజుడనని చెప్పుకొనువాడు గనుక కవి బాంకోను కడిగివేసెనని విమర్శకుల అభిప్రాయము. అధికారమును గూర్చి ఇంత నిర్భయముగా వ్రాసిన కవియును అధికారమునకు కొంత చోటు విడువవలసివచ్చెనన్నమాట. ఆ పది సంవత్సరముల సుపాలనను తీసివేయుట మాత్రము రాజు మెప్పునకు కాదు. హత్యవలన వచ్చిన రాజ్యమున ఒక్క మంచి దినమైనను ఉండునని చూపుటకు కవికి మనసొప్పలేదు కాబోలును.

ఈ నాటకమును అధికారమునందున్నవారును చదివిరి. అమెరికా అధ్యక్షుడగు అబ్రహాం లింకనునకు ఇది మిక్కిలి ప్రియమైనది. దీనికి సాటి లేదని 1863లో ఒక నటునకు వ్రాసియున్నాడు. 1865 ఏప్రిలు 9వ తేదీన, అంతర్యుద్ధము ముగియుచున్న వేళ, ఓడలో రాజధానికి మరలుచు తోడివారికి షేక్స్పియరును చదివి వినిపించెను. మాక్బెత్తు రాజైన పిదప, సమాధిలో హాయిగా నిద్రించుచున్న డంకన్‌ను చూచి అసూయపడు ఘట్టమువద్ద ఆగి, హంతకుని మనోవేదన ఎంత యథార్థముగా చిత్రింపబడినదో వివరించెనట. లక్షలమంది మరణించిన యుద్ధమును నడిపిన మనుష్యుడు ఆ చోటనే ఆగుట సామాన్య విషయము కాదు. అయిదు దినములకు అతడు తుపాకి గుండునకు గురియయ్యెను. కాల్చినవాడు షేక్స్పియరు నాటకములలో వేషము వేసిన నటుడు.

నిద్రయే ఈ నాటకమునందు దండనాధికారి. డంకన్‌ను నిద్రలో చంపినవానికి నిద్ర లేదు. కొంచెము నీటితో అంతయు కడుగుకొనిపోవునని హత్యారాత్రి ధైర్యము చెప్పిన రాణి, కడకు నిద్రలో లేచి నడచుచు, లేని రక్తపు మరకను చేతులనుండి తుడుచుకొనుచుండెను. చీకటిని పిలిచి హత్యకు తోడు తెచ్చుకొన్న ఆమెకు ఇపుడు మంచము ప్రక్కన రాత్రియంతయు దీపముండవలెను. చూచిన వైద్యుడు, ఈమెకు కావలసినది వైద్యుడు కాదు, దైవమని చేతులెత్తెను. రాజునకు తుదకు భయమును పోయినది. ఆ భయము పోవుట ధైర్యము కాదు. మొద్దుబారుట. అంతఃపురమున స్త్రీల ఏడ్పు వినబడినను అతని ఒడలు జలదరింపలేదు. భార్య మరణవార్త వినియు కంటతడి రాలేదు. వార్ధక్యమున ఉండవలసిన గౌరవము, ప్రేమ, స్నేహితుల గుంపు తనకు లేవనియు, నోటిమాట మర్యాదయు లోలోపలి శాపములును మిగిలినవనియు అతడే లెక్క చెప్పుకొనును. రాజవస్త్రము అతని మేన, మరుగుజ్జు దొంగ దేహముపై రాక్షసుని దుస్తులవలె వ్రేలాడుచున్నదని ఒక ప్రభువు అనును.

మాక్డఫ్ చేతిలో మాక్బెత్తు చచ్చెను. మాల్కము రాజయ్యెను. యుద్ధమున సాయపడిన ప్రభువులకు అతడు వెంటనే క్రొత్త బిరుదులు పంచి, స్కోను నగరమున జరుగు పట్టాభిషేకమునకు అందరిని పిలిచెను. నాటకారంభమున అతని తండ్రి డంకనును ఒక ద్రోహి తల తీయించి, విజయమునకు సంతసించి, ఇట్లే ఒక వీరునకు క్రొత్త బిరుదునిచ్చెను. అపుడు తప్పించుకొని పారిపోయిన ఫ్లియాన్సు ఎచ్చట నున్నాడో నాటకము చెప్పదు.