తొలి మేల్కొలుపు పక్షులది

ధనుర్మాసమున తిరుమల శ్రీవారి సన్నిధిలో సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై పఠింపబడునని భక్తజనులెల్లరు ఎరిగినదే. ఆ 30 పాశురములలో 6వ పాశురము మొదలుకొని గోదాదేవి నిద్రించుచున్న చెలులను మేల్కొలుప బూనినది. తెల్లవారినదనుటకు ఆమె మొట్టమొదట చూపిన గురుతు ఏది? పక్షుల కూత. తరువాతనే పక్షిరాజునకు ప్రభువైన స్వామి కోవెలలోని శంఖనాదము. ఆ తరువాత మునులును యోగులును మెల్లగా లేచి పలుకు హరినామము.

ఇందు "మెల్లగా" అను మాటను వ్యాఖ్యాతలు ఊరక విడువలేదు. హృదయమున శయనించియున్న స్వామికి కదలిక కలుగునేమోయని, గర్భిణీస్త్రీ లేచినంత జాగరూకతతో వారు లేతురట! పక్షులకు గల గౌరవమును సామాన్యమైనది కాదు. ఆళ్వార్ల పాశురములలో దూతలుగా పోవు పక్షులను ఆచార్యులుగా భావించుట మన సంప్రదాయము. జ్ఞానము ఒక రెక్క, అనుష్ఠానము మరియొక రెక్క.

అట్టి పక్షి గొంతు నేటి తెల్లవారుజామున మనకు వినబడుచున్నదా? నేనెరిగిన ఒక గ్రామాలయమున పెద్ద రావిచెట్టు కలదు. దానినిండ గోరువంకల గూళ్లుండెడివి. ఆ చెట్టు ప్రక్కనే స్తంభమును నాటి, నాలుగు దిక్కులకును నాలుగు లౌడ్‌స్పీకర్లను కట్టిరి. వేకువను 4 గంటలకు అవి మ్రోగనారంభించును. అందు వినవచ్చునదియు తిరుప్పావైయే! పక్షులు కూసినవని చెప్పు పాశురము ఊరెల్ల మారుమ్రోగుచుండగా, చెట్టుపై కూయుటకు పక్షి మాత్రము లేదు.

వేకువ కూత పక్షికి వినోదము కాదు. ఇది నా చెట్టు అని చాటుటకు, జోడును పిలుచుటకు, డేగ వచ్చినదని పిల్లలను హెచ్చరించుటకు దానికున్న సాధనము ఆ గొంతొక్కటే. జర్మనీ దేశపు బెర్లిన్ నగరమున నైటింగేల్ అను పాటపిట్టలను పరిశీలించి 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన విషయమొకటి ఆలోచింపదగినది. రణగొణధ్వని మిక్కిలిగా నున్నచోట ఆ పిట్ట, నిశ్శబ్దముగా నున్నచోట పాడు పిట్టకంటె 14 డెసిబెళ్ల వరకు గొంతు హెచ్చించి పాడుచున్నదట. శబ్దశక్తి లెక్కలో అది సుమారు 25 రెట్లు. వాహనములు తగ్గు సెలవుదినములందు గొంతు దించును. పనిదినములందు మరల అరచును. పిడికెడంత ప్రాణికి ఎంత ఆయాసము! 2020లో మహమ్మారి కారణమున అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కోలో వాహనములు నిలిచిపోగా, అచటి ఒక జాతి పిచ్చుకలు గొంతు తగ్గించి పాడినవి. అయినను వాటి పాట మునుపటికంటె రెండింతల దూరము వినబడినది. మనము ఊరకుండుటయే వాటికి చాలినది.

ఇచ్చట కొందరు యువకులు నన్నడిగిన ప్రశ్నకు బదులు చెప్పవలెను. హరినామమును గొప్ప ధ్వనియనియే గోదాదేవి పలికినది గదా, మైకు పెట్టిన తప్పేమి? అది అనేక కంఠముల ధ్వని నాయనా. యంత్రము ముందు క్యాసెట్టునో, మరియొకదానినో ఉంచి అర్చకుడు లోనికి పోయిన పిదప మ్రోగునది కాదు. మైకు పుట్టకముందు స్వామికి మన స్తోత్రము వినబడలేదా?

ధ్వని మాట ఇట్లుండగా, వెలుతురు మాట ఇంకను సూక్ష్మమైనది. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ జరుగును. స్వామికి జోలపాడి పవళింపజేయుదురు. ఆ స్వామి నెలకొన్న శేషాచలారణ్యమున దేవాంగపిల్లియు, బంగారు బల్లియు చీకటి పడినపిదపనే ఆహారమునకై బయలుదేరును. వాటికి రాత్రియే పగలు. ఘాట్ రోడ్డుపై నిష్కారణముగా హారను మ్రోగించి, అడవిలోనికి లైటు వేయు యాత్రికునకు ఈ సంగతి తెలియదనుకొందును.

శ్రీకాకుళము చెంతనున్న శ్రీకూర్మక్షేత్రమున స్వామి కూర్మరూపమున మూలవిరాట్టుగా వెలసియున్నాడు. ఆ ఆలయమున పోషింపబడు నక్షత్ర తాబేళ్లను దర్శించిన యాత్రికులెందరో! ఆ ప్రాంతపు సముద్రతీరమునను, దక్షిణమున కృష్ణవేణి సాగరమును చేరు హంసలదీవి వేణుగోపాలుని తీరమునను, జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఒడ్డునకు వచ్చును. తల్లి ఇసుకలో గుంట త్రవ్వి సుమారు 100 గ్రుడ్లను పెట్టి, కప్పి, వెనుదిరిగి చూడక నీటిలోనికి పోవును. తీరమున దీపములు వెలుగుచుండినచో గ్రుడ్లు పెట్టకయే మరలిపోవుటయు కలదు. 45 మొదలు 60 దినములకు పిల్లలు రాత్రియందే పైకి వచ్చును. వాటికి దారి చూపు తల్లి లేదు. చంద్రుని కాంతియు నక్షత్రకాంతియు నీటిపై పడి సముద్రపు వైపు ఆకాశపుటంచు కొంచెము తెల్లగా నుండును. ఇసుకతిన్నెల వైపు నల్లగా నుండును. తెల్లని వైపునకు నడువుమని వాటికి ఆజ్ఞ. భగవంతుడు పెట్టిన ఆ దీపముకంటె ప్రకాశవంతమైన దీపమును మనము రోడ్డు ప్రక్కనో, విడిదిగృహము ముందో నిలిపితిమి. ఆ పసికూనలు సముద్రమును వీపున పెట్టి, మన దీపమువైపు నడచి నడచి, తెల్లవారుసరికి కాకులకును కుక్కలకును ఎండకును బలియగుచున్నవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జాతికి పులితో సమానమైన రక్షణ నిచ్చినది. దీపమునకు ఆ చట్టము తెలియదు.

దీపారాధనను మానుమని నా భావము కాదు. నేతిదీపమువలన దారి తప్పిన తాబేలు లేదు. తీరగ్రామములలోని ఆలయములవారు ఆ నాలుగు మాసములు సముద్రమువైపు పడు దీపములకు మరుగు కట్టవచ్చును. ఏకాంతసేవ ముగిసిన పిదప గోపురపు అలంకార దీపములను ఆర్పవచ్చును. మైకును ప్రాకారము లోపలివారికి వినబడునంతకే పరిమితము చేయవచ్చును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలును రాత్రి 10 మొదలు ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లను నిషేధించినవి. చట్టమునకు వెరచి కాక గోదాదేవి చెప్పిన క్రమమును తలచి చేసినచో మరింత శోభగా నుండును.

తిరుక్కోష్టియూరు గోపురమునెక్కి భగవద్రామానుజులు మంత్రార్థమును ఎలుగెత్తి చాటిరి. ఆ దివ్యదేశమున్న తమిళనాడు శివగంగ జిల్లాలోనే వేట్టంగుడి పక్షిసంరక్షణ కేంద్రమున్నది. అచటి చెరువుల చెట్లపై పక్షులు గూళ్లు కట్టుకొను కాలముననే దీపావళి వచ్చును. పక్షులు బెదరునని ఆ గ్రామస్థులు ఎన్నో యేండ్లుగా టపాకాయలను కాల్చుట మానుకొనిరి, పిల్లలును అడుగరట. దీపావళి నాడు అటవీశాఖవారే వచ్చి ఆ పల్లెవారికి మిఠాయిలు పంచి పోవుదురు.