మీట ఎవరి చేతిలో?

మా ముందుగదిలో ఒక చిన్న కెమెరా ఉండేది. నేను యూనివర్సిటీకి వెళ్ళాక, మా పాపని చూసుకునే ఆమె ఏం చేస్తోందో నా ఫోన్‌లో కనిపించేది. ఇంటి రక్షణ కోసమనే కొన్నాను. ఒక మధ్యాహ్నం చూస్తే, ఆమె గోడవైపు తిరిగి అన్నం తింటోంది. సాయంత్రం అడిగాను. "తింటుంటే ఎవరో చూస్తున్నట్టుంటదమ్మా" అంది.

ఆ మాట విన్నాక, అసలు ఈ వస్తువు ఎవరి అవసరంలోంచి పుట్టిందో వెతికాను. 1960లలో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. ఆమెకీ, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్ట్‌కీ వేళాపాళా లేని డ్యూటీలు. పిలిస్తే పోలీసులు త్వరగా రారు. ఒంటరిగా ఉన్న రాత్రి తలుపు కొట్టింది ఎవరో ఎలా తెలియాలి? ఆ భయమే ఆమె చేత ఆలోచింపజేసింది. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక పైకీ కిందకీ కదిలే కెమెరా, పడకగదిలో టీవీ తెర, బయటి మనిషితో మాట్లాడే మైకు. తలుపు తీయడానికి ఒక మీట, ఆపదలో సాయం పిలవడానికి ఇంకొకటి. 1966లో ఇద్దరూ దరఖాస్తు చేస్తే 1969లో పేటెంట్ వచ్చింది. అందులో మొదటి పేరు ఆమెదే.

ఆ నమూనాలో భయపడే మనిషే చూస్తుంది. తలుపు తీయాలో వద్దో ఆమే నిర్ణయించుకుంటుంది. కెమెరా వీధివైపు చూస్తుంది. నా ఇంట్లో కెమెరా లోపలికి తిరిగింది. భయం నాది, తెర నాది, చూపుకి దొరికిపోయిన మనిషి మాత్రం ఆమె.

పసిపిల్ల గురించిన నా భయం అబద్ధం కాదు. అయితే ఆఫీసులో కూర్చుని భార్య రాకపోకల్ని ఫోన్‌లో చూసుకునే భర్త కూడా "రక్షణ" అనే అంటాడు. మన దేశంలో స్త్రీలపై నేరాలుగా నమోదయ్యే కేసుల్లో భర్త, అతని బంధువులు పెట్టే హింసవే ఎక్కువ. ప్రమాదం ఇంట్లోనే ఉండొచ్చని 2005 గృహహింస చట్టం ఒప్పుకుంది. మన తాళాలు, కెమెరాలు ఇంకా ఒప్పుకోలేదు. వాటిని తయారుచేసేవాళ్ళు దొంగ ఎటునుంచి వస్తాడని ఆలోచించేముందు, ఈ ఇంట్లో ఎవరికి ఎవరంటే భయమో అడగాలి. ఎవరైనా చూస్తుంటే లోపలి మనిషికి తెలియాలి. ఆపే మీట ఆమెకి అందాలి. తలుపు లోపలినుంచి ఎప్పుడైనా తెరుచుకోవాలి.

కెమెరాని గుమ్మం బయటికి మార్చాను. తెర ఆమె దగ్గరే ఉంది. బెల్లు మోగితే ఆమే చూసి తీస్తుంది. నా భయం పూర్తిగా పోలేదు. మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేస్తాను. ఒక్కోసారి, "అన్నం తింటున్న, మళ్ళ చెయ్యమ్మా" అని పెట్టేస్తుంది.