విడిభాగాల గిటారు: కర్త ఎవరు?

విడిభాగాలు కొని, వాటిని కూర్చి ఒక వస్తువును తయారుచేసినవాడు "ఇది నేను చేశాను" అని చెప్పుకోవచ్చునా? ఎలక్ట్రిక్ గిటారు కిట్టు విషయంలో ఈ ప్రశ్న మా విద్యార్థుల మధ్య వాదోపవాదాలకు దారితీసింది. చేతిపనిని ఆరాధించేవారు అది సృష్టి కానేకాదన్నారు. మన శిబిరానికే చెందిన కొందరు, శ్రమిస్తున్నామన్న భ్రమను సైతం పెట్టుబడి సరుకుగా అమ్ముతున్నదన్నారు. ఈ రెండు సమాధానాలూ వస్తువును పరిశీలించకుండా ఇచ్చినవే.

నేను ఒక విద్యార్థితో కలిసి అటువంటి గిటారు నొకదాన్ని కూర్చాను. పేరుమోసిన గిటారు ధరలో స్వల్పభాగానికే దొరికే ఆ పెట్టెలో కోసిన చెక్క దేహం, మెట్లు బిగించిన మెడ, పికప్పులు, బిరడలు, తీగెలు, మరలు ఉంటాయి. మిగిలిన పని చిన్నదని తోస్తుంది. చెక్కను గరుకు కాగితంతో నునుపుచేసి రంగు వేయాలి. మెడను మరలతో బిగించాలి. వైర్లకు టంకం పెట్టాలి. మా గిటారులో తీగె పొడవు 648 మిల్లీమీటర్లు. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే ఉత్తి తీగె స్వరమే పై స్థాయిలో పలకాలి. బ్రిడ్జి కాస్త జరిగినా అపస్వరమే. అయస్కాంతం చెంత ఉక్కుతీగె కంపించినప్పుడు రాగి చుట్టలో విద్యుత్తు పుట్టడానికి మూలం 1831లో ఫారడే కనుగొన్న విద్యుత్ ప్రేరణ. పుస్తకంలో చదివిన సూత్రం ఇక్కడ చేతికి తెలిసివస్తుంది. కనుక దీన్ని భ్రమ అనడానికి వీల్లేదు, ఇది శ్రమే.

ఐతే ఇందులో నా పాలెంత? "పెట్టుబడి" మొదటి సంపుటం (1867)లో మార్క్సు గడియారాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. ఎందరో పనివాళ్లు వేరువేరుగా చేసిన భాగాలు చివరకు ఒకరి చేతిలో గడియారమవుతాయి. గిటారు చరిత్రా ఇదే. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసిన లియో ఫెండరు 1950లో బజారుకు తెచ్చిన గట్టిచెక్క గిటారుకు మెడను జిగురుతో అతికించక మరలతో బిగించాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. భాగాలుగా చేయడం, భాగాలుగా మార్చడం ఆ వాద్యం పుట్టుకలోనే ఉన్నది. కిట్టు దానికి కొనసాగింపు. 1950లలో అక్కడి కార్మికులు మెడ అడుగున పెన్సిలుతో తేదీ, తమ పొడి అక్షరాలు రాసేవారు. నేడవి పాత గిటార్ల బేరంలో ధర కట్టడానికి పనికివస్తున్నాయి. శ్రామికుని సంతకం సైతం సరుకైపోయింది!

ఒంటరి సృష్టికర్తను నమ్మేవారు బ్రయాన్ మే పేరు చెబుతారు. 1963లో ఆరంభించి, తండ్రితో కలిసి, పాత చలిమంట గూటి చెక్కతో మెడ చెక్కుకున్న గిటారు ఆయనది. కాని అందులోని స్ప్రింగులు మోటారుసైకిలువి. మన బొబ్బిలి ఏకాండి వీణనే చూడండి. ఒకే పనస మానును తొలిచి చేసినా, మైనంలో కూర్చే 24 మెట్లకు లోహం వేరొకరి కొలిమి నుంచి రావలసిందే. ఒంటరి కర్త ఒక పురాణకథ.

కాబట్టి "నేను చేశాను" అనడం అహంకారం. "నేనేమీ చేయలేదు" అనడం శ్రమను అవమానించడం. "నేను పూర్తిచేశాను" అన్నదే సత్యం. ఈ మాటలో ఒక బాధ్యత ఉన్నది. పూర్తిచేసినవాడు తనకు ముందు పనిచేసినవారికి ఋణపడతాడు. టంకపు పొగను రెండు సాయంత్రాలు పీల్చినవాడు, దినమంతా దాన్ని పీల్చేవారి స్థితిని విచారించవలసి ఉన్నది. చవక మనకు మేలే చేసింది. పేద విద్యార్థి చేతికి వాద్యం వచ్చింది. ఆ చవకలో ఎవరి కూలి కోత ఎంతో మాత్రం పెట్టెమీద రాసి ఉండదు.

మొత్తాన్ని పూర్తిచేసి దాని నాదం వినే ఆనందం, డబ్బిచ్చి కొన్నందున, నాకు తీరికవేళ దొరికింది. చుట్టలు చుట్టిన కార్మికురాలికి అదే ఆనందం పనివేళలో ఎందుకు దొరకదు? 1844 నాటి రాతప్రతుల్లో మార్క్సు పరాయీకరణ అన్నది ఈ లోటునే. కర్తృత్వం గూర్చిన మన చర్చ ఆమెదాకా పోకపోతే, అది తీరికగలవారి కాలక్షేపంగానే మిగిలిపోతుంది.