ఋణవిమోచనమును గృహధర్మమును
(పుంగనూరునందు మిత్రుల ఉపాసనానంతరమున చేసిన ప్రసంగము)



నిరాకారుడును సర్వాంతర్యామియు నగు ఏకేశ్వరుని సన్నిధిని మనమింతసేపు మౌనముగా గూర్చుంటిమి. ఇప్పుడు మేము చెప్పబోవు విషయమును విని కొందఱు, “ఇది ఉపాసనవేళ మాటాడదగిన మాటయా? కోమటి చిట్టాలోని మాట గదా!” యని యనుకొనవచ్చును. మా విషయము ఇంటి నెలవారి వ్యయమును తగ్గించి అప్పు తీర్చుట. ఇది చిట్టాలోని మాటయే. కాని మన భక్తి సత్యమో యసత్యమో తేలునది కూడ ఆ చిట్టాలోనే యని మేము నమ్ముచున్నాము.

మనము దేవుని సత్యస్వరూపు డని కీర్తించుచున్నాము. ప్రోనోటుమీద చేయు సంతకము ఆ సత్యమూర్తి యెదుట చేసిన ప్రతిజ్ఞ కాదా? ఇచ్చెద మని వ్రాసి, ఇయ్యక, ఆ పైకముతో నింట పండుగ చేసికొనువాడు నోట సత్యమును పలికి చేత నసత్యమును జరపుచున్నాడు. మన పూర్వులు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు ఋణములను జెప్పిరి. శతపథబ్రాహ్మణము మనుష్యఋణమును నాల్గవదిగా జేర్చినది. మొదటి మూడింటిని తీర్చుటకు హోమములు, తద్దినములు చేయువారు ఈ నాల్గవదానిని వాయిదాలమీద వాయిదాలు వేయుచుండుట వింతగా లేదా?

ఈ విషయమున మాకు మార్గదర్శి మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు. ఆయన నామము మన సీమకు దూరమైనది గాదు. ఆయన కనిష్ఠపుత్రుడు రవీంద్రనాథుడు 1919వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మన పొరుగుననున్న మదనపల్లె కళాశాలలో అతిథియై యుండి, ‘జనగణమన’ గీతమును అచ్చటనే ఇంగ్లీషులోనికి మార్చెను. పుత్రుని కీర్తి మన మందఱ మెఱుగుదుము. తండ్రి యొక్క పరీక్ష నెఱిగినవారు కొందఱే.

దేవేంద్రనాథుని తండ్రి ద్వారకానాథుడు కలకత్తాలో గొప్ప వర్తకుడు. ఆడంబరమున రాజులను మించినవాడని పేరుపొందినవాడు. ఆయన 1846లో లండనునందు మరణించెను. రెండు సంవత్సరములు తిరుగకమునుపే, 1848లో, కార్ ఠాకూరు కంపెనీ కూలిపోయెను. అప్పు కోటి రూపాయల మేరకు నిలిచెను. రావలసిన బాకీలు దానికి చాలవయ్యెను. అయితే ద్వారకానాథుడు ముందుచూపు గలవాడై, కొన్ని జమీందారీలను కొడుకులకొఱకు ట్రస్టు దస్తావేజు క్రింద భద్రపఱచి యుండెను. వానిని ఋణదాతలు తాకుటకు చట్టము సమ్మతింపదు. సామాన్యుడైనచో, “దైవము మమ్ము రక్షించినాడు” అని ఆ దస్తావేజును కన్నుల కద్దుకొని యుండును. దేవేంద్రనాథుడు అట్లు చేయలేదు. ట్రస్టు ఆస్తిని కూడ అప్పులవారి ముందుంచి, తీసికొనుడని చెప్పెను. ఆ మాటకు ఋణదాతలే చలించిపోయిరి. పిమ్మట నాయన పరివారమును తగ్గించెను. బండ్లను గుఱ్ఱములను వేలము వేయించెను. భోజనమును వస్త్రములను మితములోనికి దెచ్చుకొనెను. తండ్రి ఒక ధర్మసంస్థకు లక్షరూపాయలిత్తు నని వాగ్దానము చేసి చనిపోగా, దానిని గూడ వడ్డీతో చెల్లించెను. అడవికి బోకయే, ఇంటనుండియే ఆయన సన్న్యాసి యయ్యెను. ‘బ్రాహ్మధర్మ’ గ్రంథమును ఆయన కూర్చినదియు ఆ కష్టకాలముననే యని మఱవకుడు.

సోదరులారా! ఈ కథను మేము కళాశాలలో నున్నప్పుడే చదివితిమి, చదివి మెచ్చుకొంటిమి, మెచ్చుకొని మఱచితిమి. అది మాకు మరల జ్ఞప్తికి వచ్చిన విధమును సిగ్గుతో జెప్పుకొనుచున్నాము.

కొన్నేండ్లక్రిందట ఈ ప్రాంతపు గృహస్థు డొకడు మా కచేరికి వచ్చి, తన యిల్లును భార్యపేర దానపట్టాగా వ్రాయింపవలసినదని కోరెను. ఆయన ఉద్యోగి, మర్యాదస్థుడు. ఏల వ్రాయించుచున్నాడో మేమడుగలేదు. అడుగకుండుటయే మా తప్పు. ఏలన, మేమూహించియే యుంటిమి. ఋణదాతలను వంచించు నుద్దేశముతో చేసిన బదలాయింపు చెల్లకుండ చేయించుకొను హక్కు వారికి 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 53వ సెక్షను ఇచ్చుచున్నది. ఆ సెక్షను మాకు కంఠస్థము. అయినను పట్టా వ్రాసితిమి, ఫీజు పుచ్చుకొంటిమి. నెల తిరుగకమునుపే ఒక వృద్ధవితంతువు అదే వాకిట నిలిచెను. కూరగాయలమ్మి కూడబెట్టిన అఱువదివేల రూపాయలను ఆ గృహస్థునకే వడ్డీకి ఇచ్చినదట. నోటును కొంగుముడి విప్పి చూపి, “అయ్యా, ఆయనకిప్పుడు ఇల్లు లేదంటున్నారు. నిన్న కూడ ఆ యింటి ముందరే వచ్చినానే!” యనెను. మా మేజామీద పట్టా నకలు ఇంకను ఉండెను. మేమామెకు సమాధానము చెప్పలేకపోతిమి.

మఱునాడు ఫీజు తీసికొని ఆ గృహస్థుని యింటికి బోతిమి. ఆయన కోపించెను. లోపలనుండి ఆయన భార్య వచ్చి, “ఇల్లు నాపేర వ్రాసినట్లు నాకెవ్వరును చెప్పలేదు. నా పేరుతో ఒక ముసలమ్మ కూడు తీయుటకు నేనొప్పను. ఎంత అప్పున్నదో ముందు నా కెదుట చెప్పుడు” అనెను. పదునెనిమిదేండ్ల కాపురములో ఆమె కా లెక్క తెలియుట అదియే మొదలు. స్త్రీలకు చదువు వలయునని మన సభలలో నుపన్యసించుచున్నాము గాని, ఇంటి అప్పును ఇల్లాలికి చెప్పువార మెందఱము?

ఆ రాత్రి ఆమె కాగితముమీద లెక్క వేసినది. కుమార్తె వివాహమునకును గృహప్రవేశమునకును చేసిన అప్పు నలుగురియొద్ద 4,80,000 రూపాయలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే 9,600 రూపాయలు. ఆయన జీతము 60,000. ప్రతినెలయు వడ్డీ మాత్రము కట్టి, అప్పు కదలకుండుట చూచి దైవమును నిందించుచుండెను. ఇట్లు 50 నెలలు కట్టినచో వడ్డీక్రింద 4,80,000 రూపాయలు పోవును. అసలు 4,80,000 రూపాయలు అట్లే నిలుచును. అదే నెలకు 20,000 కట్టగలిగినచో 33 నెలలలో అసలు వడ్డీలు రెండును తీఱును. వడ్డీక్రింద పోవునది ఇంచుమించు 1,80,000 మాత్రమే. కావలసినది నెలకు ఇంక 10,400 రూపాయలు. చిన్న సంఖ్యయే, కాని దానిని వెదకుట యన తన్ను తాను వెదకుకొనుట.

ఎక్కడ తగ్గింపవలెను? మన యిండ్లలో పొదుపు అనగానే మొదట తఱుగునది ఇల్లాలి విస్తరి. పిమ్మట పాచిపని చేయు దాని జీతము. అటుపిమ్మట ఆడుపిల్ల చదువు. ఇంటి యజమానుని చుట్టయు, అంగవస్త్రపు జరీయు చిట్టచివరివి. ఇది పొదుపు గాదు; బలహీనుల మీద వేసిన పన్ను. ఆ యిల్లాలు మొదట నాలుగు మాటలు వ్రాసి, వీనిని ముట్టగూడదని గీత గీచినది: పిల్లల పాలు, అత్తగారి మందులు, చిన్నకూతురి కళాశాల ఫీజు, పనిమనిషి జీతము. గీత క్రింద మిగిలినవానిలోనుండియే తీయవలసివచ్చెను. పెండ్లిండ్లకును యాత్రలకును అద్దెకారులు మానుటవలన 3,200. బంధువుల శుభకార్యములలో చదివింపులును, ఇంట విందులును తగ్గించుటవలన 3,000. యజమానుని హోటలు ఫలహారములు, సిగరెట్లు 2,000. బట్టల దుకాణపు వాయిదాలు 1,500. ఫోనులు, టెలివిజను చందాలు 700. వెరసి 10,400. ఇందులో అన్నమునుండి తీసినది ఒక్క రూపాయియు లేదు. రాగిసంగటియు, పప్పును, మజ్జిగయు ఆ యింట వెనుకటివలెనే యుండెను. వారిని ముంచినది ఆకలి గాదు, నలుగురి కన్నులు. ఇంట ఈగలమోత, బయట పల్లకిమోత యను సామెత మనవంటివారినిగూర్చియే పుట్టినది.

పట్టా రద్దయ్యెను. నలుగురు ఋణదాతలను పిలిచి, ఉన్నదున్నట్లు లెక్క చూపిరి. వడ్డీరేటు అందఱిది నొక్కటియే గనుక ఎవరిది ముందు తీర్చినను మొత్తము మాఱదు. కాన మిగిలిన మువ్వురకు నెలనెల వడ్డీ చెల్లించుచు, అసలులో మొదటి వంతు ఆ వితంతువునకే ఇచ్చి తీర్చిరి. ఇచ్చట మేము కథను తీపి చేసి చెప్పదలచుకొనలేదు. పండ్రెండవ నెలలో మేనల్లుని వివాహము వచ్చెను. ఆయన మనసు జాఱెను. ఆ నెల వాయిదా యంతయు చదివింపులలో కలిసెను. ఆ యొక్క తప్పువలన 33వ నెలకు తీఱవలసిన అప్పు 35వ నెలకు తీఱెను. ఒక నెల మఱపునకు రెండు నెలల శిక్ష! వడ్డీ పగలు నిద్రింపదు, రాత్రి నిద్రింపదు. ఆ కాలములో కొందఱు బంధువులు వారిని పిలుచుట మానిరి. “పిసినారులైరి” అని నవ్విరి. ఆ నవ్వును భరించుటయే వారి తపస్సు.

ఇచ్చట రెండు శంకలు కలుగవచ్చును. “వడ్డీలవారు పేదలను పీడింపరా? వారికెల్ల చెల్లింపవలసినదేనా?” యని యొకటి. పీడింతురు, కాననే చట్టములు పుట్టినవి. 1938వ సంవత్సరపు మదరాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము సేద్యగాండ్ర పాత అప్పులమీద 1937వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీకి నిలిచియున్న వడ్డీ బకాయిలను కొట్టివేసినది. అసలుకు రెట్టింపు చెల్లించినవారి అప్పు తీఱినట్లే యని చెప్పినది. తీర్పలేనివాడు చట్టము నీడకు చేరుట సిగ్గుగాదు. అది సంఘము అతనికిచ్చిన చేయూత. మన సీమలో వాన నమ్ముకొని వేరుసెనగ వేయు రైతునకును, ధర పడిపోయి టమాటాలను రోడ్డుమీద పాఱబోసికొను రైతునకును నెలవారి లెక్కలు చెప్పుట అపహాస్యము. వారి జమాఖర్చు పంటకు పంటకు గాని తెగదు. మేము చెప్పునది జీతము గలవారికి, భూవసతి గలవారికి, తీర్పగలిగియు తీర్పనివారికి, అనగా మనకు. లేనివానికై కట్టిన గోడచాటున ఉన్నవాడు దాగుట ధర్మమా?

“అప్పులో నున్నవాడు దానధర్మములు మానవలెనా?” యనునది రెండవ శంక. పరుల సొమ్ముతో చేసిన దానమునకు పుణ్యమెవరిది? ముందు ఋణము తీర్చుట, ఇచ్చిన మాట నిలుపుట, పిమ్మట దానము. అంతవరకు మన చేతిలో నున్న దానము ధనముకంటె గొప్పది, అది శ్రమ. పొరుగు పిల్లవానికి గంటసేపు పాఠము చెప్పుటకు వడ్డీ లేదు.

కావున సోదరులారా, మూడు నియమములను మీ ముందుంచుచున్నాము. మొదటిది: ఈ రాత్రియే భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు గూడి, అప్పెంతయో దాచకుండ కాగితముమీద వ్రాయుడు. రెండవది: వ్యయము తగ్గించుట యజమానునితో నారంభించి ఆడంబరముతో ముగియవలెను, బలహీనుల పళ్ళెమును ముట్టరాదు. మూడవది: పెండ్లికి అప్పు చేయకుడు. బ్రహ్మసమాజ వివాహములకొఱకు 1872లో కేశవచంద్రసేనుని యుద్యమముచే చట్టము తెచ్చుకొన్న మన పెద్దలు, వివాహమునకు మనస్సమ్మతియు దైవసాక్షియు చాలునని చూపిరి. ఆ సాక్షికి మేళతాళములతో పనిలేదు.

మన యూరి పేరు మోసిన గోవును చూడుడు. పుంగనూరు ఆవు పొట్టిది, మేత కొంచెము, పాలు చిక్కనివి. ఆకారము చూచి నవ్వి పెద్ద జాతులకై పరుగెత్తిన మనము, ఆ జాతి అంతరించు స్థితికి వచ్చినపిదపగదా దాని విలువ గ్రహించితిమి! మితముగా జీవించు కుటుంబము గూడ అట్టిదే. చూపునకు చిన్నది, కాని దాని సారము చిక్కన.

ఆ గృహస్థుని కడపటి నోటు చెల్లువేసి చింపిననాడు మేమచ్చట నుంటిమి. ఆ వృద్ధురాలు గూడ వచ్చి, వాకిట కూర్చుండి మజ్జిగ త్రాగినది. అంతకంటె గొప్ప ఉపాసనను మేము చూడలేదు.

ఓ సత్యస్వరూపా! మేము నీ యెదుట ఋణగ్రస్తులమై నిలిచియున్నాము. నీ ఋణమును మేమెన్నటికిని తీర్పలేము, నీవడుగవు గూడ. కాని తోడిమనుష్యునికి చేసిన బాకీని మాచేత తీర్పింపుము. మా కలములను వంచన వ్రాయకుండ కాపాడుము. నలుగురి నవ్వునకు జంకని ధైర్యమును, మా యింటి బలహీనుల ఆకలిని చూడగల కన్నును మాకు ప్రసాదింపుము. రేపటి లెక్కను నీ యెదుట నిర్భయముగా విప్పగల రోజు మాకు దయచేయుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.