సూక్ష్మతయు ధర్మమును

కాలమును సరిగా చూపుట గడియారమునకు గుణము. ఆ గుణమును సాధించుటకై శ్రమించువాడు అంతమాత్రముచేతనే ధర్మపరుడగునా? గడియారముల పరిశ్రమలో జరిగిన లోహ, రసాయన పరిశోధనల చరిత్ర ఈ ప్రశ్నకు తేలికైన సమాధానము నొసగదు.

ఉక్కు వేడికి వ్యాకోచించును. దాని స్థితిస్థాపకతయు మారును. లోలకము పొడవు పెరిగినచో గడియారము వెనుకబడును. జేబుగడియారములోని వెంట్రుకవంటి సన్నని స్ప్రింగు బిగువు సడలినను ఫలితమదియే. స్విట్జర్లాండులోని ఫ్లూరియేలో గడియారములు చేయు కుటుంబమున 1861లో జన్మించిన షార్ల్ ఎదువార్ గియోమ్ ఈ లోపమునకు మందును లోహములోనే వెదకెను. పారిస్ చెంతనున్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థలో పనిచేయుచు, ఇనుముతో నూటికి సుమారు 36 పాళ్ళు నికెలు కలిపిన మిశ్రలోహము వేడికి మిక్కిలి స్వల్పముగా మాత్రమే వ్యాకోచించునని 1896లో కనుగొనెను. అదియే ఇన్వార్. పిమ్మట స్థితిస్థాపకత మారని ఎలిన్వార్‌ను రూపొందించెను. 1920లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఎంత అల్పమైన తేడానైనను ఉపేక్షింపకుండుట ఈ కృషిలోని సత్యనిష్ఠ.

చీకటిలోను ముల్లు కనబడవలెనను కోరికతో అదే పరిశ్రమ రేడియము నాశ్రయించెను. రేడియమును జింకు సల్ఫైడుతో కలిపిన రంగు తనంత తానే వెలుగును. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఆరెంజ్ పట్టణమున 1917 మొదలు యువతులు ఆ రంగుతో అంకెలు దిద్దిరి. గీత సన్నగా వచ్చుటకు కుంచె మొనను పెదవులతో కూర్చుకొనవలెనని వారికి నేర్పిరి. నోట చేరిన రేడియము కాల్షియమువలె ఎముకలలో నిలిచెను. దవడలు శిథిలమయ్యెను, పలువురు మరణించిరి. అక్కడి రసాయనజ్ఞులు మాత్రము అదే పదార్థమును సీసపు తెరల చాటున, పట్టుకారులతో ముట్టిరి. అనగా ప్రమాదమును గూర్చిన జ్ఞానము లేకపోలేదు. అది ప్రయోగశాల గడప దాటి పనిబల్ల దాక రాలేదు.

జ్ఞానము నిర్దోషి, దోషమంతయు లోభముది అని కొందరందురు. ఇది సగము సత్యము. దేనిని కొలువవలెనో, దేనిని కొలువ నక్కరలేదో నిర్ణయించునది మనుష్యుడే. అంకె యొక్క వెలుగును కొలిచిరి. నోటిలోనికి పోవు విషమును కొలువలేదు. 1925లో హారిసన్ మార్ట్‌లాండ్ అను వైద్యుడు పరికరమును ఆ స్త్రీల వైపు త్రిప్పి, వారి దేహములలో రేడియోధార్మికత కలదని నిరూపించెను. 1928లో ఐదుగురు స్త్రీల వ్యాజ్యము రాజీతో ముగిసెను. 1941లో అమెరికా ప్రమాణముల సంస్థ, పనివారి దేహమున రేడియము 0.1 మైక్రోక్యూరీని మించరాదని హద్దు నిర్ణయించెను. ఆ హద్దుకు ఆధారము అంకెలు దిద్దిన ఆ స్త్రీల దేహములే.

కాబట్టి సూక్ష్మత దానంతట ధర్మము కాదు. స్ప్రింగునందలి అణుమాత్రపు మార్పునకు చూపిన శ్రద్ధ, ఆ గడియారమును చేయు చేతులకును చూపినప్పుడే అది ధర్మమగును. లోహము తన మార్పును దాచదు, ఫిర్యాదును చేయదు. మనుష్యుడు బాధను చెప్పుకొనును. చెప్పినను వినకపోవుటకు పరికరము లేకపోవుట కారణము కానేరదు.